మా ఊరికి నేనిచ్చిన రాజు

ఆ రోజుల్లో నన్నెవరైనా "మీదే ఊరు?" అని అడిగితే మా ఊరి పేరు చెప్పేవాణ్ణి కాదు. కొండ కింద మైదానంలో ఉన్న పెద్ద ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాణ్ణి. మా ఊరంటే "అదెక్కడ?" అంటారు. ఎక్కడో చెబితే "అక్కడేముంది?" అంటారు. ఏముందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉత్తరాంధ్రలో, ఘాట్‌రోడ్డు సగం ఎక్కాక, రోడ్డుకి అటూ ఇటూ సర్దుకుని కూర్చున్న చిన్న ఊరది. ఒక గురువారం సంత, ఒక హైస్కూలు, ఒక బస్టాండు (బస్టాండంటే రేకుల షెడ్డు, అందులో బస్సుల కంటే మేకలే ఎక్కువసేపు ఆగేవి), పొద్దున్న పది దాటినా వదలని మంచు. ఇప్పుడా మంచు కోసం హైదరాబాదు జనం కార్లేసుకుని వెళ్లి ఫొటోలు దిగుతున్నారు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్లో ఇరుక్కుని ముందున్న బస్సు పొగ పీలుస్తున్నప్పుడు నాకూ ఆ మంచే గుర్తొస్తుంది. కానీ ఇరవై మూడేళ్ల వయసులో మంచు కూడా ఒక ఆస్తి అని నాకెవరు చెప్పాలి? అప్పట్లో నా దిగులంతా మా ఊరికి చెప్పుకోదగ్గ చరిత్ర లేదనే.

అసలు లేకపోలేదు. ఉంది, కానీ మా పెద్దత్త దగ్గర ఉంది. పెద్దత్త అంటే మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే పెనిమిటి పోతే పుట్టింటికొచ్చి మా అందరినీ పెంచింది. వేసవి మధ్యాహ్నాలు చింతపండులో గింజలు తీస్తూ, మమ్మల్నీ కూర్చోబెట్టి తీయిస్తూ, ఊరి పుట్టుక చెప్పేది. పూర్వం కింది నుంచి ఉప్పు, ఎండుచేపలు వేసుకుని కొండ మీదికి బళ్లు వెళ్లేవట. వచ్చేటప్పుడు పసుపు, చింతపండు, కొండచీపుళ్లు దింపేవట. ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా ఇప్పుడు ఊరున్న చోటికొచ్చేసరికి ఎడ్లు ఇక మావల్ల కాదని కూలబడేవట. బండివాళ్లు ములుగర్రతో పొడిచేవారట. అది చూసి ఓర్చుకోలేని ఒకాయన, ఊటనీళ్లు వచ్చి పడేలా అక్కడున్న బండలో ఒక తొట్టి తొలిచాడట. నీళ్లున్నాయి గనక బళ్లు ఆగాయి. బళ్లు ఆగాయి గనక ఒకావిడ అంబలి కాచి పోసింది. ఎడ్లకు నాడాలు కొట్టేవాడు పాక వేశాడు, ఆ పాక పక్కన ఇంకో పాక లేచింది. అదీ మా ఊరు. అంటే ఎడ్లు కూలబడితే పుట్టిన ఊరన్నమాట. ఈ ముక్క చెప్పుకుని ఎవడైనా తలెత్తుకు తిరుగుతాడా?

డిగ్రీ అయ్యాక సినిమాలకు రాద్దామని హైదరాబాదు వచ్చి, వెంగళరావు నగర్‌లో మరో ఇద్దరితో కలిసి గదిలో ఉంటూ, ఏడాది తిరిగేసరికి ఫిల్మ్ నగర్‌లో ఒక డైరెక్టరుగారి దగ్గర ఆఖరి అసిస్టెంటుగా చేరాను. ఆఖరి అసిస్టెంటు పని ఏమిటంటే, కథాచర్చల్లో అందరూ నవ్వినప్పుడు నవ్వడం, అందరూ కళ్లు తుడుచుకున్నప్పుడు తుడుచుకోవడం. చర్చలు ఆఫీసు మేడ మీద పరుపుల మీద జరిగేవి. పొద్దున్న పెసరట్టుతో మొదలై సాయంత్రం పునుగులతో ముగిసేవి. మధ్యలో కథ కూడా వచ్చేది. ప్రొడ్యూసరుగారిది గోదావరి వైపు. మనిషి వెన్న, నమ్మాడంటే ఇక నమ్మడమే. ఒకరోజు డైరెక్టరుగారు, ఈసారి కథంతా ఒక కొండ ఊళ్లో జరుగుతుందనీ, ఆ ఊరికి గట్టి చరిత్ర ఉండాలనీ ప్రకటించి, పరుపు చివర్న కూర్చున్న నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, నువ్వు కొండల్లోంచే వచ్చావు కదా. మీ ఊరి హిస్టరీ ఏంటి?"

ఏడాదిలో నన్ను పేరు పెట్టి కాకపోయినా ఊరు పెట్టి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆనందంలో నిజమే చెప్పబోయాను. "పూర్వం ఎడ్లబళ్లు వెళ్లేవండీ, ఆ ఎడ్లు..." అన్నానో లేదో ప్రొడ్యూసరుగారు పునుగు నోటి దగ్గరే ఆపేశారు.

"ఎడ్లేంటండీ? రాజులెవరూ లేరా? రాజు లేకపోతే ఫ్లాష్‌బ్యాక్ ఎవరి మీద తీస్తామండీ?"

గదిలో ఎనిమిది మంది నన్నే చూస్తున్నారు. "ఎందుకు లేడండీ, ఉన్నాడు" అన్నాను. అనేశాక చేసేదేముంది, ఉండాల్సిందే. పేరు అడిగారు, రణధీర మహారాజు అన్నాను. యుద్ధంలో ఒంటరిగా వేలమందిని ఎదిరించి, గాయపడ్డ గుర్రం మీద కొండెక్కుతుంటే, ఆ గుర్రం ఎక్కడ కూలబడిందో అక్కడే ఊరు కట్టించాడన్నాను. (గమనించారా, ఎడ్లను గుర్రం చేశాను గానీ కూలబడటం మాత్రం మార్చలేదు. మొదటి అబద్ధం కదా, చెయ్యి ఇంకా తిరగలేదు.) డైరెక్టరుగారు కళ్లు మూసుకుని విన్నారు. ప్రొడ్యూసరుగారు పునుగు కింద పెట్టేసి, "ఇదంతా ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారు. "మా పెద్దత్తండీ, ఆవిడకి అన్నీ తెలుసు" అన్నాను. ఆ ఒక్క మాటతో మా రాజుగారికి సాక్షి కూడా దొరికింది.

అక్కడితో పోతే బాగుండేది. ఇది జరిగిన చరిత్ర అని ప్రొడ్యూసరుగారు ఫిల్మ్ నగర్ అంతా చెప్పుకున్నారు. "మనది కల్పన కాదండీ, మన దగ్గర ఆధారం ఉంది" అంటూ నా భుజం మీద చెయ్యి వేసేవారు. అసిస్టెంటుకి మామూలుగా టైటిల్స్‌లో పది పేర్ల మధ్య ఇరికి, చదివేలోగా పోయే పేరే గతి. నాకు మాత్రం 'చరిత్ర పరిశోధన' అని విడిగా ఒక కార్డు వేస్తామన్నారు. తెరంతా నా ఒక్కడి పేరే! ఆ కార్డు తలుచుకుని నాకు అన్నం సహించేది కాదు. మా రాజు ఉత్తుత్తివాడని తెలిసిందా, కార్డు పోవడమే కాదు, ఆఫీసు మెట్లు కూడా ఎక్కనివ్వరు.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఏటవాలు నేల మీద మా ఊరి సెట్టు వేశారు. నేను కాగితం మీద గీసిచ్చిన మా సంత, మా బస్టాండు రేకులు, మా ఇంటి అరుగు, అన్నీ ప్లైవుడ్డుతో లేచాయి. ఊరి మొదట్లో రాజుగారి శిలాశాసనం. అది మలిచినాయన్ని మేం బోర్డన్న అనేవాళ్లం. లేని ఊళ్లకి, లేని కిరాణా కొట్లకి, లేని పోలీసు స్టేషన్లకి ఇరవయ్యేళ్లుగా బోర్డులు రాసిన మనిషి. థర్మోకోలు చెక్కి, ప్లాస్టరు పూసి, రంగుతో వయసు పెంచి, ఎక్కడో గుళ్లోంచి పీక్కొచ్చారనిపించేలా చేశాడు. మొదటిరోజు ప్రొడ్యూసరుగారు కెమెరాకి కొట్టాల్సిన కొబ్బరికాయ తీసుకెళ్లి ఆ శాసనం ముందు కొట్టారు. రెండోరోజు లైట్లవాళ్లు పూలు పెట్టారు. వారం తిరిగేసరికి డ్రైవర్లు చెప్పులిప్పి దణ్ణం పెట్టుకుంటే గానీ వ్యాను తీయడం లేదు. ఒక పొద్దున్న చూద్దును కదా, బోర్డన్న కూడా బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఇది నువ్వు చెక్కిందే కదా!" అన్నాను.

"చెక్కింది నేనే. గని రాజు అసలోడే గద తమ్మీ. నువ్వే జెప్తివి."

పోనీలెమ్మని నేను కూడా ఒక దణ్ణం పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ వారమే, మేనల్లుడు ఏం తింటున్నాడో చూసి పోదామని, ఒక సంచీడు చింతపండూ ఒక సీసాడు ఊరగాయా పట్టుకుని పెద్దత్త దిగింది. మా గదిలోవాళ్లిద్దరూ ఆవిడ వంటకి ఒక్కపూటలో దత్తుపోయారు. ఆవిడ మాత్రం "షూటింగు చూపించరా" అని పట్టు పట్టింది. ఈరోజు వాన అన్నాను, రేపు సెలవన్నాను, ఎల్లుండి పెద్దవాళ్లని రానివ్వరన్నాను. ఇంతలో గదిలోవాడొకడు ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు నోరు జారాడు. ప్రొడ్యూసరుగారు నా మీద కేకలేశారు. "అంతటి పెద్దావిడ ఊళ్లోకొస్తే చెప్పవేంటయ్యా? ఆవిడ లేకపోతే మన సినిమా ఎక్కడిది? కారు పంపిస్తున్నా!" దారిలో పెద్దత్తకి సంగతి విప్పి, కాళ్లమీద పడదామనుకున్నాను. కానీ ఆ కారు డ్రైవరు ఎవరో కాదు, ఒక మాట పొద్దున్న చెవిన పడితే మధ్యాహ్నం భోజనాల బంతిలో వడ్డించే మహానుభావుడు. వెంగళరావు నగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా నేను కిటికీలోంచి చూస్తూ, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆవిడ ఆ మేడలు చూసి, "ఇన్ని గదులెందుకురా, ఎవులు తుడుస్తారు?" అని అడుగుతూనే ఉంది.

సెట్టు చూడగానే పెద్దత్త రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "ఓలమ్మా, మన ఊరే కట్టీసినార్రా!" అంటూ చిన్నపిల్లలా నడిచింది. ప్లైవుడ్డు గోడలు తట్టి చూసింది, మా ఇంటి అరుగు మీద కూర్చుని (దిగమ్మా, అది మొయ్యదు అని నలుగురు పరిగెత్తుకొచ్చారు) లేచింది. బోర్డన్నతో అప్పుడే స్నేహం కలిసింది. "ఇక్కడ మునుపేటుండీది నాయనా?" అని అడిగితే ఆయన నవ్వి, "ఏముండె అమ్మా, అన్ని బండలే. మా నాయిన గీడ మేకలు మేపిండు. గిప్పుడు గేటు కాడ నన్నే ఆపుతున్నరు, ఏడికి వోతున్నవని" అన్నాడు. పెద్దత్త తల పంకించి, అయ్యో అంది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసి, "అన్నీ ఉన్నాయి గానీ, తొట్టి ఏదిరా?" అంది. ఇంతలో ఆవిడ చూపు శాసనం మీద పడింది. "ఇదేటి? ఇది మన ఊళ్లో లేదే. చదువు నాయనా" అంది బోర్డన్నతో. ఆయన గొంతు సవరించుకుని, రణధీర మహారాజుగారి పరాక్రమం, గుర్రం, రక్తం, ఊరి నిర్మాణం, అన్నీ రాగయుక్తంగా చదివి వినిపించాడు. పెద్దత్త చివరిదాకా విని నెమ్మదిగా నా వైపు తిరిగింది. చిన్నప్పుడు బెల్లం డబ్బా దగ్గర దొరికినప్పుడు కూడా ఆవిడ నన్ను అలా చూడలేదు.

అప్పుడే ప్రొడ్యూసరుగారు వచ్చారు. వంగి నమస్కారం చేసి, హీరోగారి కుర్చీ తెప్పించి కూర్చోబెట్టారు. డైరెక్టరుగారు, కెమెరావాళ్లు, లైట్లవాళ్లు అందరూ చుట్టూ చేరారు.

"అమ్మా, మీవాడు చెప్పాడండీ. ఆ మహారాజుగారి కథ మీ నోట ఒక్కసారి వినాలనుందండీ మా అందరికీ."

నేను బోర్డన్న వెనక్కి జరిగాను. నా పేరున్న కార్డు తెర మీంచి ఊడి, మెల్లగా కింద పడుతున్నట్టనిపించింది. పెద్దత్త కూల్‌డ్రింకు గ్లాసు ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు దానివంకే చూసి, నా మొహం చూసి, మళ్లీ గ్లాసు చూసింది.

"ఉండీవోడు బాబూ" అంది. "మంచి మారాజు. యుద్ధాలూ అవీ నాకు తెల్దు గానీ, పసువులంటే పేనం పెట్టీవోడు. కొండెక్కలేక ఎడ్లు కూలబడిపోతంటే, బండోళ్లు పొడుత్తంటే సూడలేకపోయినాడు. ఊటనీళ్లు పట్టీనట్టు తన సేత్తోనే బండ తొలిసి తొట్టి కట్టినాడు. సేతులు రెండూ రగతం కారిపోయీవంట. ఆ తొట్టి వల్లే ఊరయింది."

ప్రొడ్యూసరుగారు జేబురుమాలు తీశారు. "రాజు! స్వయంగా సుత్తి పట్టుకున్నాడా! చూశారాండీ డైరెక్టరుగారూ, ఇదీ సెంటిమెంటంటే! ఇది చెప్పకుండా గుర్రం గుర్రం అంటాడేంటండీ మనవాడు?" ఆ మధ్యాహ్నమే తొట్టి చేయమన్నారు. బోర్డన్న పక్కన పీట వేసుకుని కూర్చుని పెద్దత్తే దగ్గరుండి చేయించింది. "అంత లోతొద్దు నాయనా, ఎద్దుకి మెడ అందొద్దా?" అంటూ ఎద్దులాగే మెడ వంచి చూపించింది. తొట్టి అచ్చం మా ఊరి తొట్టిలాగే వచ్చింది. అందులో నీళ్లు పోయగానే ఆవిడ వేళ్లు ముంచి కళ్లకద్దుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారొద్దంది. ఆటో ఎక్కాం. చెక్‌పోస్టు దాటాక నేనే, "తిట్టవేంటి పెద్దత్తా?" అన్నాను.

"ఏటని తిడతాను? నీ బతుకు నీకుండాల కదా." బయటికి చూస్తూ అంది. "ఆ పుణ్యాత్ముడికి లోకంలో ఉన్నది ఆ తొట్టొక్కటేరా. అదీ అట్టుకెళ్లి నీ రాజుకి ఇచ్చీసినాను."

ఆ మాటకి నేనేమయ్యానని మీరనుకుంటున్నారు? సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. గండం గడిచిందని గుండె తేలికపడింది. ఆటో ఆపించి ఆవిడకి ఐస్‌క్రీం కొనిపెట్టాను. ఆవిడ సగం తిని మిగతాది నాకిచ్చింది, నేను చప్పరిస్తూ తినేశాను కూడా. ఆ ఐస్‌క్రీం ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకు అసహ్యమేస్తుంది.

సినిమా హైదరాబాదులో రెండు వారాలు ఆడింది. మా వైపు మాత్రం నెలల తరబడి ఆడింది, కొండ మీది నుంచి లారీలెక్కి వెళ్లి చూశారట. ప్రొడ్యూసరుగారు పొంగిపోయి శాసనాన్నీ తొట్టినీ వ్యానెక్కించి మా ఊరికి కానుకగా పంపారు. బస్టాండు దగ్గర నిలబెట్టారు. రెండు వానలకే శాసనం పెచ్చులూడి, మూడో వానకి నీళ్లమీద తేలుతూ ఘాట్‌రోడ్డు దిగి వెళ్లిపోయింది. అప్పుడైనా మావాళ్లకి అనుమానం రావాలా? 'పాతదైపోయింది పాపం' అనుకుని, చందాలు వేసుకుని, అవే అక్షరాలు నల్లరాతి మీద చెక్కించారు, పగిలిన తొట్టికి సిమెంటు పూయించారు. అసలు తొట్టి ఘాట్‌రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. రాజుగారి తొట్టి బస్టాండులో ఉందిగా! పెద్దత్త మళ్లీ ఎప్పుడూ ఎవరికీ ఆ కథ చెప్పలేదట. పిల్లలు అడిగితే, "నాకేటి తెల్దు, మా మేనల్లుణ్ణి అడగండి, పెద్ద రైటరు" అనేదట. ఎనిమిదేళ్ల కిందట పోయింది. సీరియల్ ఎపిసోడ్లు అందించాలని నేను పదోరోజుకి గానీ వెళ్లలేకపోయాను.

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లోనే, ఒక టిఫిన్ సెంటరు పైగదిలో కూర్చుని సీరియళ్లకి మాటలు రాస్తున్నాను. పోయిన నెల మా ఊరి హైస్కూల్లో పనిచేసే తెలుగు టీచరమ్మ, పాతికేళ్ల పిల్ల, మా ఊరిదే, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పిల్లలతో ఊరి చరిత్ర పుస్తకం రాయిస్తోందట. అంతా అయిపోయిందట, రణధీర మహారాజుగారి పట్టమహిషి పేరొక్కటే దొరకలేదట. ఇరవై ఐదేళ్లు కడుపులో ఉన్నదంతా ఆ పిల్ల ముందు కక్కేశాను. నేనే పుట్టించానమ్మా, ఫలానా రోజు పునుగులు తింటూ పుట్టించాను అని చెప్పాను. ఆ పిల్ల నవ్వేసింది.

"భలేవారు సార్. మా తాతగారు చిన్నప్పుడు వాళ్ల తాత దగ్గర ఈ రాజు కథ విన్నారంట కదా!"

నేను నవ్వలేకపోయాను. పెద్దత్త ఎలా చెప్పేదో అలాగే, చింతపండు గింజలు తీస్తున్నట్టు వేళ్లు కదుపుతూ మొత్తం చెప్పాను. ఉప్పు బళ్లు, ములుగర్రలు, ఊట, తొట్టి, అంబలి కాచిన ఆవిడ, నాడాలు కొట్టినవాడి పాక. చెబుతుంటే ఆ ఎండ, ఆ పులుపు వాసన, ఆవిడ గొంతు, అన్నీ వచ్చి గదిలో కూర్చున్నాయి. ఆ పిల్ల నవ్వు మానేసి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"ఇది చాలా బాగుంది సార్. ఎద్దుల కోసం పుట్టిన ఊరు! మరి ఆ తొట్టి తొలిచినాయన పేరేంటి?"

పెద్దత్త చెప్పిన ప్రతిసారీ పేరుతోనే చెప్పింది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ ఊరి నుంచి వచ్చాడో కూడా చెప్పింది. వేసవికి పదిసార్ల చొప్పున పన్నెండేళ్లు చెప్పింది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నేను గింజలతో గురి చూసి మా తమ్ముణ్ణి కొడుతూ ఉండేవాణ్ణి. ఒక్క అక్షరం కూడా గుర్తు లేదు. గుర్తున్నవాళ్లెవరూ మిగల్లేదు.

"తెలీదమ్మా" అన్నాను.

"ఏదో ఒకటి చెప్పండి సార్, అంత మంచి పని చేసినాయన. పేరు లేకపోతే బాగోదు."

నాకు పేర్లకేం కరువు? ఆ వారంలోనే సీరియల్‌కి పదకొండు మందికి పేర్లు పెట్టాను. ఒక మంచి పేరు, రాయి కొట్టే మనిషికి అతికినట్టుండే పేరు, నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. ఆ పిల్ల పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తోంది. ఇరవై మూడేళ్ల నేనే అక్కడుంటే, ఆయన పేరుతో పాటు ఆయన భార్య పేరు, ఎడ్ల పేర్లు కూడా ఈపాటికి చెప్పేసి, ఇంకో పునుగు అందుకునేవాణ్ణి. ఆ వెధవ మీద కోపం రావలసిన చోట నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"అక్కడ ఖాళీ వదిలెయ్యి తల్లీ" అన్నాను. "పేరు తెలిసినావిడ ఒకావిడ ఉండేది, చెప్పింది, మేం వినలేదు అని కింద రాయి."

ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంటోంది. నాకు మాత్రం ఎక్కడికో వెనక్కి పరిగెత్తి, ఆ అరుగు మీద గింజలు విసురుతున్న కుర్రవెధవ చెవి పట్టుకుని, "ఒరేయ్, పెద్దత్త చెబుతోంది, ఈ ఒక్కసారికి విను" అని చెప్పాలనిపించింది.